తేనీటి రుచి: నాలుక ఎంత, ముక్కు ఎంత?

మన ఇళ్ళలో టీ అంటే ఒక్కటే టీ. పాలూ నీళ్ళూ కలిపి పొయ్యి మీద పెట్టి, టీ పొడీ పంచదారా వేసి, రెండు పొంగులు రానిచ్చి వడపోసినది. వాన పట్టిన రోజున అందులో ఒక అల్లం ముక్క, చుట్టాలు వచ్చిన నాడు రెండు ఏలకులు. అంతకు మించి తేనీటిలో తేడాలు వెదకడం మనకు అలవాటు లేదు. పాలలో అంతసేపు మరిగిన తరువాత ఏ పొడికైనా దాని ఊరూ పేరూ చెప్పడం కష్టమే కూడాను. అమెరికాకు వచ్చిన తరువాతనే నావంటివారు చాలామంది తేయాకును ఆకు రూపంలో మొదటిసారిగా చూశారు.

మా వంటింటి అలమరలో అటువంటి తేయాకు డబ్బాలు కాలక్రమాన ఐదు చేరాయి. ఒకటి ఎర్ల్ గ్రే. ఒకటి పొగ వాసన వేసే చైనా తేయాకు, ల్యాప్సాంగ్ సూచాంగ్. ఒకటి వేయించిన బియ్యం కలిపిన జపాను వారి గెన్‌మైచా. తక్కినవి రెండూ మల్లెపూల తేయాకులే. ఈ రెంటిలో ఒకదాని ధర రెండవదానికి నాలుగింతలు. ఖరీదైన డబ్బాలోని పరిమళమే అసలైన మల్లె పరిమళమని మా శ్రీమతి వాదన. ఆ పరిమళం డబ్బా మీది ధర చీటీ నుండి వస్తున్నదని నా వాదన. 2022 వేసవిలో, మా అమ్మగారు కాకినాడ నుండి వచ్చి మా వద్ద ఉన్న రోజులలో, ఈ తగవును శాస్త్రీయంగా తేల్చుకుందామని ఒక ఆదివారం అందరమూ వంటింటి బల్ల చుట్టూ చేరాము.

ఆ సంగతి చెప్పేముందు తేయాకును గురించి కొంత చెప్పవలసి ఉన్నది. నల్ల టీ, పచ్చ టీ వేరువేరు మొక్కల నుండి వస్తాయని కొందరి అభిప్రాయం. అన్నిటికీ మూలం ఒక్కటే మొక్క, కమీలియా సైనెన్సిస్. కోసిన ఆకును వాడబెట్టి నలిపితే ఆకులోని ఒక ఎంజైము గాలిలోని ప్రాణవాయువు సాయంతో పాలీఫినాల్ అనే పదార్థాలను మార్చివేస్తుంది, ఆకు నల్లబడుతుంది. తరిగిన వంకాయ ముక్కలను నీళ్ళలో వేయకపోతే నల్లబడేదీ ఈ జాతి ఎంజైము వలననే. కోసిన వెంటనే ఆవిరితోనో వేడి మూకుడుతోనో ఆ ఎంజైమును నిర్వీర్యం చేస్తే ఆకు పచ్చగా మిగులుతుంది. ఏ రకమైనా చివరకు బాగా ఎండబెడతారు. అలా ఎండిన ఆకు చుట్టుపక్కల ఉన్న తేమనూ, దానితోపాటు వాసననూ ఆత్రంగా పీల్చుకొంటుంది. మేము కొన్న మొట్టమొదటి ఎర్ల్ గ్రే పొట్లాన్ని తెలియక ఇంగువ డబ్బా పక్కన పెట్టాము. రెండు నెలల తరువాత దానితో కాచిన టీని పప్పుచారు కాదని ఎవరినీ నమ్మించలేకపోయాము.

ఈ దుర్గుణాన్నే చైనావారు సుగుణంగా మలచుకొన్నారు. ఆ దేశపు ఆగ్నేయ తీరాన, ఫూజియన్ రాష్ట్రంలోని ఫూజౌ నగరం మల్లె తేయాకుకు ప్రసిద్ధి. అక్కడి మల్లె, తేయాకుల సాగు విధానాన్ని ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ 2014లో ప్రపంచ ప్రాముఖ్యం గల వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. వారు వాడే పువ్వు మరేదో కాదు, మన మల్లెపువ్వే. సాయంకాలం మొగ్గలుగా కొన్న మాల రాత్రి జడలో విచ్చుకొని ఇల్లంతా గుబాళించడం మన ఆడపడుచులకు తెలిసినదే. అక్కడి పనివారు కూడా ఆ గుణాన్నే వాడుకొంటారు. పగటిపూట కోసిన మొగ్గలను, అవి విచ్చుకొనే వేళకు, ముందుగా తయారుచేసి ఉంచిన పచ్చ తేయాకులో కలిపి రాశిగా పోస్తారు. రాత్రంతా పువ్వు విడిచిన పరిమళాన్ని ఆకు పీలుస్తుంది. తెల్లవారిన తరువాత వాడిన పూలను జల్లించి వేరుచేస్తారు. ఆకు పూల తేమను కూడా పీల్చుకొన్నది కనుక మళ్ళీ ఆరబెడతారు. ఆపైన మళ్ళీ కొత్త మొగ్గలు, మళ్ళీ ఒక రాత్రి. మేలిరకపు తేయాకుకు ఇలా ఆరేడు సార్లు, అంతకు మించి కూడా చేస్తారు. అన్నిసార్లు పూలతో కలిసిన ఆకులో చివరకు ఒక్క పువ్వైనా కనబడకపోవచ్చును. కొన్ని డబ్బాలలో కనిపించే ఎండిన రేకులు కంటికి ఇంపుకోసం కలిపినవే. వాటిలో వాసన మిగిలి ఉండదు.

రెండవ పద్ధతి సులభమైనది. సిద్ధంగా ఉన్న ఆకు మీద పరిమళ తైలాన్నో, కర్మాగారంలో చేసిన సుగంధ ద్రవ్యాన్నో చిలకరించి కలుపుతారు. దీనిని మోసమని అనడానికి వీలు లేదు. ఎర్ల్ గ్రే పుట్టుకే అటువంటిది. ఇటలీ దక్షిణపు కొసన ఉన్న కలాబ్రియా ప్రాంతంలో పండే బెర్గమాట్ అనే నిమ్మజాతి పండు తొక్క నుండి తీసిన తైలమే దాని ప్రాణం. చార్లెస్ గ్రే 1830 నుండి 1834 వరకు బ్రిటిషు ప్రధానమంత్రి. ఆయనకు ఈ తేనీటితో చుట్టరికం కలిపే కథలు అనేకం. గట్టి ఆధారం ఉన్నది మాత్రం ఒక్కటీ లేదు. ఆ తైలంలో ముఖ్యమైన పరిమళ ద్రవ్యాలలో లినలూల్ ఒకటి. ఇదే లినలూల్ మల్లెలో ఉన్నది, ఏ పరిమళమూ కలపని తేయాకులోనూ ఉన్నది. మన ధనియాల నూనెలో అయితే అధికభాగం ఇదే. ఎర్ల్ గ్రే తాగినప్పుడు మీకు అకారణంగా ధనియాలు గుర్తుకు వస్తే అది భ్రమ కాదు. మల్లెలో ఉన్న మరొక పదార్థం ఇండోల్. గాఢంగా ఉంటే భరింపరాని దుర్గంధం, లేశమాత్రంగా ఉంటే పూల పరిమళానికి నిండుదనం. మోతాదును బట్టి గుణం మారడం మన వైద్యులకు తెలియని సంగతి కాదు.

పొగ తేయాకు పుట్టినదీ ఫూజియన్ లోనే, వూయీ పర్వతాలలో. దేవదారు జాతి కట్టెల పొగలో ఆకును ఆరబెడతారు. పిడకల దాలిలో కాగిన పాలు తాగినవారికి ఈ వాసన కొత్త కాదు. గెన్‌మైచాలోని బియ్యం వాసన పేలాలు వేయిస్తున్నప్పుడు వచ్చేదే. పిండి పదార్థమూ మాంసకృత్తుల అంశాలూ వేడికి కలిసినప్పుడు పుట్టే పైరజీన్లు దానికి కారణం.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఈ ఐదింటికీ తేడా ఉన్నదంటే ఆ తేడాను కనిపెట్టేది ఏది? రుచి అనే ఒక్క మాటతో మనం రెండు ఇంద్రియాల పనిని కలిపి చెబుతున్నాము. నాలుకకు తెలిసినవి కొన్ని రుచులే. మన పెద్దలు ఆరు అన్నారు: తీపి, పులుపు, ఉప్పు, కారం, చేదు, వగరు. నేటి శాస్త్రజ్ఞులు ఇందులో కారాన్నీ వగరునూ స్పర్శలో చేర్చారు. కారం మంటను తెలిపే నాడుల పని. ఉగాది పచ్చడిలోని మామిడి పిందె వగరైనా, చిక్కటి తేనీటి వగరైనా, పాలీఫినాళ్ళు లాలాజలంలోని ప్రొటీనులను పట్టుకొని నోటిలోని జారుడుదనాన్ని తగ్గించడం వలన కలిగేదే. పాలు పోస్తే టీ వగరు తగ్గడానికి కారణం, పాలలోని కేసీన్ ఆ పాలీఫినాళ్ళను ముందే పట్టుకోవడం. మనవారి ఆరింటిలో లేని ఉమామీ అనే రుచిని 1908లో జపాను రసాయన శాస్త్రవేత్త కికునే ఇకెడా ప్రతిపాదించారు. మంచి పచ్చ తేయాకులో అది తెలుస్తుంది.

ఈ కొద్ది రుచులను మినహాయిస్తే, మల్లె, బెర్గమాట్, పొగ, పేలాలు అని మనం చెప్పేదంతా ముక్కు సొమ్మే. గుటక వేసినప్పుడు నోటి వెనుక దారి గుండా ఆవిరి ముక్కు లోపలికి పోతుంది. అక్కడ సుమారు 400 రకాల గ్రాహకాలు ఉన్నాయి. వాటి జన్యువులను 1991లో వెల్లడించిన లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ లకు 2004లో నోబెల్ బహుమతి లభించింది. మీ ఇంట్లోనే చూడండి. ముక్కు గట్టిగా మూసుకొని, ఎవరినైనా ఒక కప్పు అందించమని ఒక గుక్క తాగండి. వేడి, చేదు, వగరు తెలుస్తాయి. అది మల్లె టీయో ఎర్ల్ గ్రేయో తెలియదు. ముక్కు వదలిన క్షణాన పేరు తెలిసిపోతుంది. పడిశం పట్టినప్పుడు కూర చప్పగా ఉన్నదని ఇంటివారిని నిందించడం ఎంత అన్యాయమో దీనివలన గ్రహించవచ్చును.

పోల్చి చూడాలంటే కాచే పద్ధతి అన్ని కప్పులకూ సమానంగా ఉండాలి. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 1980లో ఇందుకోసమే ఒక ప్రమాణాన్ని ప్రకటించింది: 100 మిల్లీలీటర్ల మరిగే నీటికి 2 గ్రాముల ఆకు, తెల్లని పింగాణీ పాత్ర, 6 నిమిషాలు. ఇటువంటి బ్రిటిషు ప్రమాణపత్రానికి 1999లో హాస్యానికి ఇచ్చే ఇగ్ నోబెల్ బహుమతి కూడా దక్కింది. నవ్వవలసిన పని లేదు. అది తాగి ఆనందించడానికి చెప్పినది కాదు, తప్పులు బయటపడేటట్లు పోల్చడానికి చెప్పినది. చెంచాతో కొలిస్తే లాభం లేదు. ఉండలుగా చుట్టిన ఆకు చెంచాడు ఎక్కువ బరువు తూగుతుంది, విడివిడిగా ఉన్న పొడుగాటి ఆకు చెంచాడు తక్కువ తూగుతుంది. వంటింటి త్రాసు ఉండాలి. నీరు కూడా అన్నిటికీ ఒకటే కావాలి. సున్నపు పాలు ఎక్కువగా ఉన్న నీటిలో టీ మీద తెట్టు కడుతుంది. ఆ పూట ఇంట్లో పోపు వేయరాదు, అగరువత్తి వెలిగించరాదు. కప్పుకూ కప్పుకూ నడుమ గోరువెచ్చని నీళ్ళు పుక్కిలించి రెండు మరమరాలు నమలడం మేలు. టీ కొంత చల్లారిన తరువాతనే చెంచాతో తీసుకొని, సర్రుమని శబ్దం వచ్చేటట్లు జుర్రాలి. గాలి కలిసి పరిమళం ముక్కుకు చేరడానికి వృత్తి నిపుణులు చేసే పని ఇది. చిన్నప్పుడు ఇందుకే దెబ్బలు తిన్నాను.

అన్నిటికంటె ముఖ్యమైనది తాగేవారికి పేరు తెలియకపోవడం. దీనికి ఒక చరిత్ర ఉన్నది. 1920ల తొలినాళ్ళలో, ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో, మ్యూరియల్ బ్రిస్టల్ అనే శాస్త్రవేత్త కప్పులో ముందు పాలు పోశారో టీ పోశారో తాగి చెప్పగలనన్నారు. పక్కనే ఉన్న గణాంక శాస్త్రజ్ఞుడు రొనాల్డ్ ఫిషర్ అందుకు పరీక్ష ఏర్పాటు చేశారు. 1935లో వెలువడిన తన గ్రంథంలో ఆమె పేరు చెప్పకుండా ఆ పరీక్ష స్వరూపాన్ని వివరించారు. 8 కప్పులలో నాలుగు ఒక విధం, నాలుగు మరొక విధం. వరుస కలగాపులగం. ఆ నాలుగింటినీ ఏరవలసి ఉంటుంది. ఎనిమిదింటిలో నాలుగింటిని ఏరడానికి 70 మార్గాలు ఉన్నాయి. అందులో పూర్తిగా సరైనది ఒక్కటే. కనుక గుడ్డిగా ఊహించి గెలిచే అవకాశం 70లో ఒక వంతు మాత్రమే. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన మన సి. ఆర్. రావు గారు ఈ ఫిషర్ వద్దనే కేంబ్రిడ్జిలో పరిశోధన చేసి 1948లో డాక్టరేటు పొందారు. 2023లో ఈ దేశంలోనే కన్నుమూసిన ఆ మహానుభావుని తలచుకొనకుండా ఈ కథ చెప్పడం నాకు ఇష్టం లేదు.

మా ఆదివారపు పరీక్ష ఇదే పద్ధతిలో జరిగింది. మా అమ్మాయి మమ్మల్ని గదిలోకి పంపి, రెండు రకాల మల్లె టీలూ నాలుగేసి కప్పులు కలిపి, అడుగున గుర్తులు పెట్టింది. మా శ్రీమతి ఖరీదైన నాలుగింటిలో మూడింటిని సరిగా ఏరింది. ఎనిమిదిలో ఆరు సరి! అయినా లెక్క కట్టితే, మూడు గాని అంతకు మించి గాని సరిగా రావడానికి 70లో 17 మార్గాలు ఉన్నాయి. అంటే నాలుగింట ఒక వంతు అదృష్టం. నేను గెలిచాననుకొన్నాను. పచ్చ తేయాకు మీద సలసల మరిగే నీళ్ళు పోసి ఆరు నిమిషాలు ఉంచితే చేదు తప్ప ఏమి తెలుస్తుందని ఆమె ఆక్షేపించింది. ఆక్షేపణ న్యాయమైనదే. రెండు వారాల తరువాత 80 సెంటీగ్రేడు డిగ్రీల నీటితో, మూడు నిమిషాలతో మళ్ళీ చేశాము. ఎనిమిదీ సరిగా చెప్పింది. తేడా ఉన్నదని ఒప్పుకొన్నాను. తేడా ఉండడం వేరు, నాలుగింతల ధరకు తగడం వేరు అనే వాదన మాత్రం ఇంకా నడుస్తున్నది.

మొదటి ఆదివారమే మరొక సంగతి జరిగింది. మా పరీక్ష ముగిసిన తరువాత మా అమ్మాయి సరదాగా నానమ్మ ముందు మూడు కప్పులు పెట్టింది. రెండింటిలో మామూలు నల్ల టీ, ఒకదానిలో ఎర్ల్ గ్రే.

"నానమ్మా, ఏది వేరుగా ఉంది?"

"అన్నీ బాగున్నాయి తల్లీ."

"అలా కాదు, ఒకటి వేరు. అదేదో చెప్పు."

అమ్మగారు మూడూ మళ్ళీ తాగి, నెమ్మదిగా, "అన్నీ వేడిగా ఉన్నాయమ్మా" అన్నారు. అమ్మాయి నవ్వి, పొగ తేయాకు డబ్బా మూత తీసి ఆమె ముక్కు దగ్గర పెట్టింది. గది అవతల ఉన్నవారికి కూడా తెలిసే వాసన అది. ఆమె ముఖంలో మార్పు లేదు. అప్పుడు నా వంక చూసి, "పోయినేడు జ్వరం వచ్చిన కాడినుంచీ ఇంతేరా నాయనా. చెబితే కంగారు పడతారని ఊరుకున్నాను" అన్నారు.

2021లో ఆమెకు కోవిడ్ వచ్చి తగ్గింది. తగ్గినదనే మేము అనుకొన్నాము. వచ్చినప్పటినుండీ ఆమె కూరలలో ఉప్పు ఎక్కువ కావడం, పక్కనే నిలబడి ఉన్నా పులుసు మాడిపోవడం మేము గమనించాము, వయస్సు అనుకొన్నాము. కాకినాడలో ఆమె ఒంటరిగా ఉంటారు. వంటగదిలో గ్యాసు బండ ఉన్నది. ఆ గ్యాసుకు సహజంగా వాసన లేదు. కారితే తెలియడానికి కంపు కొట్టే మెర్కాప్టాన్ కలుపుతారు. ఆ కంపే కాపలాదారు. ఏడాదిగా ఆమె ఇంట్లో ఆ కాపలాదారు ఉండీ లేనట్లే.

ఇక్కడి వైద్యుడు పరీక్షించి, వాసన నాడులకు ఆసరాగా ఉండే కణాలను ఈ వైరస్ దెబ్బతీస్తుందనీ, నాడీకణాలు మాత్రం జీవితమంతా కొత్తవి పుడుతూనే ఉంటాయి కనుక ఆశ వదులుకోవద్దనీ చెప్పారు. నమ్మదగిన మందు లేదు, అభ్యాసం ఉన్నది. జర్మనీలోని డ్రెస్డెన్‌లో థామస్ హుమెల్, ఆయన సహచరులు 2009లో ప్రకటించిన పద్ధతి అది. గులాబీ, నీలగిరి తైలం, నిమ్మ, లవంగం. ఈ నాలుగు వాసనలనూ రోజుకు రెండుసార్లు, ఒక్కొక్కటి కొన్ని క్షణాలు, మనసు పెట్టి చూడాలి. కనీసం మూడు నెలలు చేయాలి. అందరికీ ఫలించదు.

వారం తిరగకుండానే అమ్మగారు "వస్తోంది, వస్తోంది" అనడం మొదలుపెట్టారు. ఆమె స్వభావం నాకు తెలుసు. కొడుకూ కోడలూ పడుతున్న శ్రమకు సంతోషం కలిగించడం కోసం అంటున్నారో, నిజంగానే తెలుస్తున్నదో? అడిగి తెలుసుకొనే ప్రశ్న కాదు ఇది. అప్పుడు మూడు కప్పుల పరీక్ష అక్కరకు వచ్చింది. ఒకే డబ్బాలోని నల్ల తేయాకును రెండు సీసాలలో పోసి, ఒకదానిలో చీల్చిన వెనిలా కాయను రెండు వారాలు ఉంచి తీసివేశాము. మల్లెకు చైనావారు చేసేదే ఇది. ఏలకులైతే నోటికి చలువ తెలుస్తుంది, లవంగమైతే చురుక్కుమంటుంది. వెనిలాది పూర్తిగా ముక్కు వ్యవహారం. ఆకు ఒకటే కనుక రంగులోనూ వగరులోనూ తేడా ఉండదు. మూడు కప్పులలో వేరైనది ఏదో చూపితే చాలు, వాసన పేరు చెప్పనక్కరలేదు. ఉదయం మూడు సార్లు, సాయంకాలం మూడు సార్లు. ఊరకే చూపినా ఆరింటిలో సగటున రెండు సరిగా వస్తాయి.

మొదటిసారి సరిగ్గా రెండే వచ్చాయి. రెండు నెలల తరువాత మూడు. అదీ అదృష్టపు పరిధిలోనిదే. ఆమె మాత్రం నీలగిరి తైలం బాగా తెలుస్తున్నదని చెబుతూనే ఉన్నారు. అది ముక్కుకు చలువగా తగులుతుంది కనుక, తెలిసినది వాసనే అని నేను నమ్మలేదు. ఐదవ నెలలో, ప్రయాణానికి పది రోజుల ముందు, ఆరింటిలో ఐదు సరిగా చూపారు. ఐదు గాని ఆరు గాని ఊహతో రావడానికి 729లో 13 వంతులే అవకాశం. "ఏం వాసనో చెప్పలేను కానీ, ఇది మాత్రం వాటిలా లేదు" అన్నారు. ఆ రాత్రి లెక్క మరి రెండుసార్లు వేసి చూసుకొన్నాను.

నవంబరులో ఆమె కాకినాడ చేరేసరికి వంటగదిలో గ్యాసు కారితే మోగే యంత్రం పెట్టించాము. మేస్త్రీ దానిని చూరు దగ్గర బిగించబోతే ఫోనులో ఆపవలసి వచ్చింది. బండలోని గ్యాసు గాలికంటె బరువు, నేలబారున పరుచుకొంటుంది, యంత్రం అడుగు ఎత్తులోనే ఉండాలి. సీసాలు రెండూ ఆమె పెట్టెలోనే సర్ది పంపాము. పక్కింటి అమ్మాయి చేత కప్పులు పెట్టించుకొని లెక్క ఫోనులో చెబుతున్నారు. వెళ్ళిన తరువాత మొదటి లెక్క ఆరింటికి నాలుగు. వెనిలా కాయ వాసన పోయినట్లున్నదని, కొత్తది పంపమని కూడా అడిగారు.